పడవ లేవలేదు, ట్రక్కు దిగింది

క్రేన్ రాదన్న సంగతి పొద్దున పదకొండింటికి తెలిసింది. అప్పటికే పడవ ట్రాక్టరు ట్రక్కు మీదెక్కి, సర్వితోట పక్కన ముక్కు పైకెత్తి కూర్చోనుంది. ట్రాక్టరు డ్రైవరు పది నిమిషాలకోసారి సెల్లు చూసుకుంటా, "దించేదుంటే దించండన్నా, నాకు సాయంత్రం ఎరువుల లోడుంది" అంటున్నాడు. దించడం అంటే అదేదో బియ్యం మూట అయినట్టు!

ఇది మైపాడుకి ఉత్తరంగా ఉన్న ఒక పట్టపుపాలెంలో జరిగిన సంగతి. పడవ నా చిన్ననాటి స్నేహితుడిది. హైస్కూల్లో నా పక్క బెంచీ. నేను కాగితాల మీద బతుకుతున్నాను, వాడు నీళ్ల మీద బతుకుతున్నాడు. ఏటా వేసవిలో వాడి దగ్గరికి పోయి రెండు మూడు రోజులు ఉండి రావడం నాకు అలవాటు. ఆ ఏడు మాత్రం పోతూనే పనిలో పడ్డాను.

పాఠకుల్లో కొందరికి తెలియకపోవచ్చు గనక ఒక మాట. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఇంజను పడవ ఏదీ వేటకి కదలకూడదు. ఈ 61 రోజులే పడవలకి ఆస్పత్రి రోజులు కూడా. వలలు బాగుచేసుకోవడం, ఇంజన్లు విప్పుకోవడం, అడుగు దెబ్బలకి అతుకులు వేసుకోవడం, రంగులు కొట్టుకోవడం, అన్నీ ఈ రెండు నెలల్లోనే. జూన్ 14 దాటేసరికి పడవ నీళ్ల మీద లేకపోతే, పక్కవాడు మొదటి వేట చేపలు అమ్ముకుంటుంటే మనం గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

మావాడి పడవ 28 అడుగుల ఫైబర్ బోటు. మొగదగ్గర రాళ్ల మీద కూర్చుని అడుగున మూడు చోట్ల గీసుకుపోయింది. ఒకచోట గీత కాదు, లోపలి చాప బయటికి కనిపించేంత గాయం. దాన్ని బాగుచెయ్యాలంటే మనిషి పడవ కింద దూరగలగాలి. ట్రక్కు మీదున్నంతసేపూ ఆ గాయం సరిగ్గా ట్రక్కు పలకకి ఆనుకుని ఉంటుంది. మంచం మీద పడుకున్న రోగికి వీపున పుండు లేచినట్టు.

క్రేన్ ఎందుకు రాలేదంటే, వాళ్ల మనిషి ముందుగా బండి మీద వచ్చి దారి చూసుకున్నాడు. తారురోడ్డు దిగాక అరమైలు ఇసక. "మా బండి ఇందులో దిగితే, దాన్ని లాగడానికి ఇంకో క్రేన్ కావాల" అని వెళ్లిపోయాడు. తప్పుబట్టడానికి లేదు. జేసీబీ అయితే ఇసకలో వస్తుంది. కానీ జేసీబీ బొచ్చెకి తాళ్లు తగిలించి ఎత్తితే, తాళ్లు రెండు పక్కలనుంచీ పడవని నొక్కుతాయి. అట్టా ఎత్తినప్పుడు అంచు పగిలిన బోటు ఒకటి అదే పాలెంలో కొబ్బరిచెట్టు కింద పడుంది. ఇప్పుడు అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

నాకు ఇక్కడ పాతరోజులు గుర్తొస్తాయి. నా చిన్నప్పుడు ఈ తీరంలో ఎక్కువ ఉండేవి తెప్పలు. నాలుగైదు దుంగలు తాళ్లతో కట్టుకుని సముద్రంలోకి పోయేవాళ్లు. తిరిగొచ్చాక కట్లు విప్పి, దుంగకి ఇద్దరు చొప్పున భుజాన వేసుకుని ఒడ్డుకి తెచ్చి ఎండబెట్టేవాళ్లు. బరువు ఎత్తడమనే సమస్యే లేదు, ఎందుకంటే బరువునే విడదీసేవాళ్లు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత సాయం కింద ఫైబర్ బోట్లు పెద్దఎత్తున వచ్చాయి, తెప్పలు వెనకబడ్డాయి. ఫైబర్ బోటు వేగంగా పోతుంది, ఎక్కువ వల పడుతుంది, చెదపురుగు తినదు. కానీ విడదీయడానికి కట్లు ఉండవు. ఒట్టి డొల్లే టన్నుకి అటూ ఇటూ. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప పందేలకి వాడే లేజర్ పడవలున్నాయి చూడండి, వాటి డొల్ల 60 కిలోలు మించదు, నలుగురు పిల్లలు ఎత్తుకుపోతారు. ఇది ఆ బాపతు కాదు.

"ముందు బరువు దించండ్రా" అన్నాడు మావాడి చిన్నాయన. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులకి వేటకి పోవడం మానేసి చాలాకాలమైంది, కానీ పాలెంలో ఏ పడవకి జబ్బు చేసినా ఆయనకే కబురు.

బరువు దించడమంటే ఇంజను, లంగరు, ఐసు పెట్టె, వలలు, అడుగు పలకలు అన్నీ తీసెయ్యడం. చివరికి డొల్ల అడుగున ఉన్న బిరడా కూడా పీకించాడు. బిందెలకొద్దీ నీళ్లు వచ్చాయి. మేం ఎవరం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. లీటరు నీళ్లంటే కిలో బరువు. పైగా అవి కదిలే బరువు. పడవ ఒక పక్కకి ఒరిగితే నీళ్లన్నీ ఆ పక్కకే ఉరికి ఇంకా ఒరిగిస్తాయి.

తర్వాత ఎత్తే ఉపాయాల మీద చర్చ. ఇరవైమందిమి చేరితే ఎత్తగలమని కుర్రాళ్లు. చిన్నాయన ఒప్పుకోలేదు. "ఎత్తడం ఎత్తుతార్రా. ఎత్తినాక? చేతుల్లో పెట్టుకోని నిలబడతారా? ఒకడికి కాలు జారితే మిగతా పందొమ్మిదిమంది మీద పడద్ది." మూడు సర్విగడలు నిలబెట్టి, కొసలు ముడేసి, చైన్ పుల్లీ తగిలిద్దామన్నాడు మావాడు. లారీ షెడ్లలో ఇంజను దించేది అట్టాగే. చిన్నాయన కొంచెం ఆలోచించి దాన్నీ కొట్టేశాడు. సిమెంటు నేల మీద అది పనికొస్తుందిగానీ, ఇసకలో బరువు పడగానే గడల కాళ్లు బార్లా చాపుకుంటాయి. కాళ్లకి కింద తాడు చుట్టి, పలకలు వేస్తే ఆపొచ్చు. అయినా పడవ గాలిలో వేలాడుతుంది. ఆయనకి నచ్చనిది అదే.

అప్పుడు చెప్పాడు అసలు మాట: "పడవని ఎవురెత్తమన్నారు అబ్బయ్యా? పడవ ఆడనే ఉంటది. ట్రక్కుని దించండి."

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. నేను పొద్దుటినుంచీ పడవ వైపే చూస్తున్నాను, చక్రాల కింద ఇసక వైపు చూడలేదు. క్రేన్‌ని రానీయకుండా చేసిన ఇసకే అది.

లెక్క ఇది. పడవ 28 అడుగులు, ట్రక్కు 12 అడుగులు. అంటే ముందూ వెనకా పడవ బయటికి చాచుకునే ఉంటుంది. ఆ చాచుకున్న భాగాల కింద దుంగలు పేర్చి, అడుగుకి ఆనించేస్తే చాలు. తర్వాత ట్రక్కు నాలుగు చక్రాల కిందా ఇసక తవ్వుకుంటా పోతే ట్రక్కు మెల్లగా కిందికి దిగుతుంది, పడవ దుంగల మీద మిగిలిపోతుంది. ట్రక్కుని లాగేసుకోవడమే.

చెప్పినంత తేలిక కాదులెండి. ట్రాక్టరుని విప్పి దూరంగా పెట్టించారు. ట్రక్కు చక్రాలకి ముందూ వెనకా రాళ్లు అడ్డం వేశారు. సర్విదుంగలు రెండు ఇటు, రెండు అటు, ఒక వరస మీద ఇంకో వరస అడ్డంగా, చదరంగా పేర్చుకుంటూ వచ్చాం. చూడ్డానికి అచ్చం చితి పేర్చినట్టుందని నోరు జారాను. చిన్నాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. గంగమ్మ మీద బతికే పడవ దగ్గర అనాల్సిన మాటేనా అది! ఆ తర్వాత మా వాళ్లంతా దాన్ని "దిమ్మె" అనే అన్నారు, నేనూ అదే అంటాను.

దిమ్మె అడుగున వెడల్పాటి తాటిపట్టెలు పరిచాం. లేకపోతే బరువంతా దుంగ అంచుల మీద పడి దిమ్మె ఇసకలో దిగబడుతుంది. దిమ్మెకీ చక్రాలు దిగే కాలవకీ మధ్య మూడడుగులు వదిలాం. దగ్గరగా పెడితే కాలవ తవ్వగానే గట్టు విరిగి, దిమ్మె అందులోకి జారుతుంది.

ముందు దిమ్మె కట్టేటప్పుడు నేనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ గంటసేపు చెమటలు కారుస్తా చక్కగా పేర్చాం. సరిగ్గా పడవ ముక్కు కింద, నడిమధ్యలో. చిన్నాయన వచ్చి, నడుం మీద చెయ్యేసుకుని చూశాడు. "బాగుంది. మరి ట్రక్కు ఎట్టా పోద్ది? మీ దిమ్మె మీంచి ఎగురుకుంటా పోద్దా?"

నిజమే. ట్రక్కు ముందుకి రావాల్సిన దారిలోనే మేం గోడ కట్టాం. అంతా విప్పి, ట్రక్కు వెడల్పుకి అవతల ఒకటి, ఇవతల ఒకటి, రెండు దిమ్మెలు కట్టి, వాటి మీద లావుపాటి తాటిదూలం అడ్డంగా వేశాం. గుమ్మానికి పైకమ్మీ ఉన్నట్టు. ట్రక్కు ఆ గుమ్మంలోంచి బయటికి పోవాలి. వెనక దిమ్మెకి ఈ బాధ లేదు, ట్రక్కు అటు పోదు గనక.

ఇంకో చిక్కుంది. చక్రం కింద గుంట తవ్వితే ట్రక్కు దిగుతుంది, సరే. ముందుకి లాగగానే గుంట ఎక్కి మళ్లీ లేస్తుంది కదా! లేచి పడవ అడుగుని గుద్దుతుంది. అందుకని గుంటలు కాదు, రెండు పొడుగాటి కాలవలు తవ్వాలి. ట్రక్కు వెనక అంచు దూలాన్ని దాటిందాకా చక్రాలు కాలవలోనే నడవాలి, ఆ తర్వాతే ఏటవాలు. తవ్వే ముందు బిందెలతో నీళ్లు చల్లాం. పొడి ఇసక గట్టు నిలవదు, తడి ఇసక నిలుస్తుంది. ఇసకగూళ్లు కట్టుకున్న పిల్లలందరికీ తెలిసిన సంగతే.

ఆఖరికి చక్రాల కింద తవ్వకం. నలుగురు మనుషులు, నాలుగు పారలు, అందరూ బయటివైపునుంచే. పడవ నీడలోకి ఎవరూ తల పెట్టకూడదు. చిన్నాయన "ఊఁ" అంటే ఒక పార, మళ్లీ "ఊఁ" అంటే ఇంకో పార. ఒక చక్రం ముందు దిగితే ట్రక్కు వంగుతుంది, దాంతోపాటు పడవా వంగుతుంది. అరగంటకి ఎనిమిది అంగుళాలు దిగింది. చాలకపోతే టైర్లలో గాలి తీయించాడు, ఇంకో రెండంగుళాలు వచ్చింది. పడవకీ పలకకీ మధ్య నా అరచెయ్యి నిలువుగా పట్టేంత సందు. అడుగున కాలవలో పట్టెలు పరిచి, ట్రాక్టరుకి మోకు కట్టి లాగితే ట్రక్కు పాములాగా జారిపోయింది. పడవ మాత్రం పొద్దున ఎక్కడుందో అక్కడే, గాలిలో నిలబడ్డట్టు నిలబడింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎందుకంటే చిన్నాయన అప్పటికే అరుస్తున్నాడు, "నడుం కింద పెట్టండ్రా, నడుం కింద!" ఫైబర్ డొల్లని రెండు కొసల మీదే ఉంచితే మధ్యలో కుంగుతుంది. వెంటనే నడిమికి ఇంకో దిమ్మె. అది కూడా ఎక్కడంటే అక్కడ కాదు. లోపల అడ్డగోడలున్న చోట, ఏను కిందే. రెండు అడ్డగోడల మధ్య వట్టి చర్మం. అక్కడ దుంగ పెడితే పడవ బరువుకి అదే గుచ్చుకుంటుంది. బరువంతా మధ్య ఏను మొయ్యాలి. పక్కలకి పెట్టిన ముట్లు పడవ ఒరగకుండా పట్టుకోవడానికేగానీ మొయ్యడానికి కాదు. ఎదురెదురు ముట్లని పడవ కిందుగా తాడుతో ఒకదానికొకటి కట్టేశారు, కాళ్లు బయటికి జారకుండా.

రిపేరు సంగతి త్వరగా చెప్పేస్తాను. దెబ్బ చుట్టూ గీకి, ఎండబెట్టి, ఫైబర్ చాప ముక్కలు ఒకదానికంటే ఒకటి పెద్దవిగా వేసుకుంటూ రెజిన్ పట్టించడమే. నెల్లూరు ఎండల్లో ఉన్న తిప్పలు ఒక్కటే. రెజిన్‌లో గట్టిపడే మందు మామూలు పాళ్లలో కలిపితే డబ్బాలోనే రాయైపోతుంది. రోహిణీ కార్తె దగ్గరపడే కొద్దీ మందు తగ్గించుకుంటూ, తెల్లారి ఎనిమిదింటికల్లా పని ముగించేవాళ్లు. గీకినప్పుడు లేచే పొడి ఒంటికి తగిలితే దురద రెండురోజులు వదలదు. ఆ అనుభవం కూడా నాకు దక్కింది.

దిమ్మె కూర్చున్న చోట కూడా రంగు వెయ్యాలి కదా. అప్పుడే మొదటిసారి పడవని నిజంగా లేపారు. అదీ కొంచెమే. పదడుగుల సర్విగడ, కొసకి అడుగు దూరంలో మోపు. ఇవతల తొమ్మిదడుగులు, అవతల అడుగు. 60 కిలోల మనిషి ఇవతల వేలాడితే అవతల 540 కిలోల బలం. టన్ను పడవకి ఒక కొస బరువు సగమేగా. మనిషి మూడడుగులు కిందికి నొక్కితే పడవ నాలుగంగుళాలు లేస్తుంది. అంతే కావాలి. ఒకడు నొక్కుతాడు, ఇంకొకడు పొడుగాటి కర్రతో దుంగ లాగి పక్కన ఇంకోటి తోస్తాడు. చెయ్యి పెట్టకూడదు, కర్రే పెట్టాలి. లారీ జాకీ ఉన్నా ఇదే పని చేస్తుంది, కాకపోతే దాని కింద పలక వెయ్యకపోతే పడవ లేవదు, జాకీ దిగుతుంది.

ఇప్పుడు నా తప్పు సంగతి. దుంగలు చాలక, వెనకవైపు ఎత్తు సరిపెట్టడానికి యూరియా సంచుల్లో ఇసక నింపి పేర్చమన్నది నేనే. చిన్నాయన వద్దనలేదు. కాకపోతే సంచుల పక్కనే, వాటికంటే రెండంగుళాలు తక్కువ ఎత్తులో, దుంగల దిమ్మె ఒకటి కట్టించాడు. పడవకి ఆనకుండా ఊరికే నిలబడుంది. "ఇదెందుకు?" అంటే, "తోడుకి" అన్నాడు.

నేను నెల్లూరుకి తిరిగొచ్చి, మే నెలలో మళ్లీ పోయాను. ఆ మధ్యాహ్నం పడవ కింద నీడ చల్లగా ఉందని తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాను. మావాడు టీకి పిలిస్తే లేచిపోయాను. టీ గ్లాసు చేతిలో ఉండగా వెనకనుంచి బట్ట చించినట్టు శబ్దం. నెల్లాళ్ల ఎండకి ప్లాస్టిక్ సంచి పీలికలైపోయింది. ఇసక జలజలా కారింది, పడవ వెనక భాగం కిందికి కూర్చుంది. రెండంగుళాలే. తోడు దిమ్మె మీద టక్కుమని ఆగింది.

నేను పడుకున్న తుండుగుడ్డ మీద గుప్పెడు ఇసక.

చిన్నాయన ఏమీ అనలేదు. అంటే బాగుండేది. తుండుగుడ్డ దులిపి, నా భుజాన వేసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేనే పక్క తోటలో దుంగలు అడుక్కుని తెచ్చి సంచులన్నీ మార్పించాను.

అయితే ఆ సంచులకి వేరే పనుందని జూన్‌లో తెలిసింది. పడవ మళ్లీ ట్రక్కెక్కాలి. కాలవలు అట్టాగే ఉన్నాయి. పూడ్చొద్దని చిన్నాయన తాటాకులు కప్పించి ఉంచాడు. ఆ తాటాకుల మీద నడిచిన ఎవరిదో మేకపిల్ల లోపల పడి రాత్రంతా అరిచి పాలేన్ని నిద్రపోనివ్వలేదట, అది వేరే కథ. నడిమి దిమ్మె, పక్క ముట్లు తీసేశాక ట్రక్కుని కాలవలోంచి వెనక్కి తోసి పడవ కిందికి చేర్చారు. ఇప్పుడు పడవ దిగాలి. టన్ను బరువుని ఒక్కో దుంగ పీకుతూ దించితే ప్రతిసారీ ఒక కుదుపు. ఆయన ఏం చేశాడంటే, గడ వేసి అంగుళం లేపి, దిమ్మెల పైవరస దుంగలు తీసి, ఆ స్థానంలో కొత్త సంచుల నిండా పొడి ఇసక పెట్టించాడు. తర్వాత ముందొకడు, వెనకొకడు కర్రకి కట్టిన కత్తితో సంచికి చిన్న గాటు పెట్టారు. సన్నని ధారగా ఇసక జారుతుంటే పడవ కంటికి తెలియనంత నెమ్మదిగా దిగి, ట్రక్కు పలక మీద పరిచిన పాత టైర్ల మీద కూర్చుంది. ఒక్క చప్పుడు లేదు.

తర్వాత ఒక ఇంజనీరు మిత్రుడికి చెబితే నవ్వాడు. రాతి కమాను వంతెనలు కట్టే రోజుల్లో కమాను కింద పెట్టిన చట్రాన్ని ఇట్టాగే దించేవాళ్లట. ఇసక నింపిన డబ్బాల మీద చట్రాన్ని నిలబెట్టి, పని అయ్యాక డబ్బా అడుగున బెజ్జం తెరిచి ఇసక వదిలేవాళ్లు. దానికి ఇంగ్లీషులో పేరు కూడా ఉంది, శాండ్ జాక్. చిన్నాయనకి ఫోన్ చేసి చెప్పాను, మీ పద్ధతి పుస్తకాల్లో ఉందని.

"అట్నా" అన్నాడు. "మరి మేకపిల్ల సంగతి ఉందా అందులో? ఆ మేక తాలూకోళ్లు ఇంకా నాతో మాట్లాడటం లా."